నీ పని నువ్వు చూసుకో

ఆరేళ్లుగా ఆసుపత్రి సిబ్బందికి ఒక పాఠం చెబుతున్నాను. రోగికి హాని జరగబోతోందని ఎవరికి అనిపించినా, వారి హోదా ఏదైనా సరే, నోరు తెరిచి చెప్పాలి. అవతలివారు వినకపోతే మరోసారి చెప్పాలి. విన్నవారు ఆ మాటను తిరిగి పలికి నిర్ధారించుకోవాలి. జట్టుగా పనిచేయడం, ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం అన్న పేరుతో జరిగే ఈ శిక్షణ కార్యక్రమాలకు డాక్టర్లు, నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు, ఫార్మసిస్టులు వస్తారు. తెర మీద బొమ్మలు, మధ్యలో టీ, చివర ధ్రువపత్రాలు ఉంటాయి. ఆ టీ తెచ్చేవారు, కప్పులు ఏరేవారు, హాలు తుడిచేవారు మాత్రం పాఠం వినరు. వారిని పిలవాలన్న ఆలోచన చాలాకాలం నాకు కూడా రాలేదు. అందరికంటే ముందు రావలసింది నాకే. ఎందుకో చెప్పాలంటే పదహారేళ్ల కిందటి ఒక రాత్రి గురించి చెప్పాలి. ఇంతవరకూ నేను దాన్ని బయట చెప్పుకోలేదు.

ఉత్తరాంధ్రలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రి, మగవారి సర్జికల్ వార్డు. నలభై మంచాలు, అరవైకి పైగా రోగులు, రాత్రి డ్యూటీలో ఇద్దరం నర్సులం. ఆ రాత్రి వార్డులో అప్పారావులు ఇద్దరున్నారు. మా ప్రాంతంలో అది వింత కాదు. ఒకాయనకు కడుపులో పుండు నుంచి రక్తం పోతోంది. ఆయనది 11వ మంచం, ఏ పాజిటివ్ గ్రూపు. రెండో ఆయన కాలి పుండుతో వచ్చి, మంచం దొరక్క నేల మీద చాప వేసుకుని పడుకున్నాడు. అర్ధరాత్రి వాన మొదలై 11వ మంచం మీద కప్పు కారసాగింది. మొదటి అప్పారావును వరండా వైపు ఖాళీగా ఉన్న మంచానికి మార్చారు. తర్వాత 11వ మంచాన్ని రెండడుగులు ఇవతలికి జరిపి, తడి నేల మీద వణుకుతున్న రెండో అప్పారావును దానిపై పడుకోబెట్టారు. మనుషులు మారారు గానీ మంచం కాళ్ల వైపు తగిలించిన కేస్ షీటు మారలేదు. ఈ మార్పులన్నీ రోగుల బంధువుల సాయంతో చేసింది వార్డు తుడిచే ఒక స్త్రీ. ఆ సమయంలో నేను రోడ్డు ప్రమాదం కేసు దగ్గర ఉన్నాను.

తెల్లవారుజామున బ్లడ్ బ్యాంకు నుంచి రక్తం సంచి వచ్చింది. కేస్ షీటు చూశాను, సంచి మీది పేరు చూశాను, ‘అప్పారావేనా?’ అని అడిగాను. ‘అవునమ్మా’ అన్నాడాయన. ఆయన అబద్ధం చెప్పలేదు. పేరు మనం చెప్పి అవునా అని అడగకూడదు, రోగి చేతనే చెప్పించాలి, రెండో గుర్తుగా ఐపీ నంబరు సరిచూడాలి అని ఇవాళ నేను ప్రతి తరగతిలోనూ చెబుతాను. ఆ రోజు చేయలేదు. రక్తం ఎక్కించబోతుండగా, వెనుక నేల తుడుస్తున్న ఆమె లేచి నిలబడి చాలా మెల్లగా, ‘సిస్టరమ్మా, ఆ అప్పారావు ఈయన కాదండి’ అన్నది. నేను తల కూడా తిప్పకుండా జవాబిచ్చాను: ‘నీ పని నువ్వు చూసుకో.’

ఆమె తన పని చూసుకుంది. పది నిమిషాలు తిరక్కముందే ఆయనకు వణుకు, నడుం నొప్పి, జ్వరం మొదలయ్యాయి. రక్తం ఆపి, సెలైన్ పెట్టి, డ్యూటీ డాక్టర్‌ను పిలిచాను. ఆయనది ఓ గ్రూపు. ఓ గ్రూపు మనిషి ఒంట్లోకి ఏ గ్రూపు రక్తం పోతే, ఆయన శరీరంలోని ప్రతిరక్షకాలు ఆ కణాలను బద్దలు కొడతాయి. దాని దెబ్బ మూత్రపిండాలకు తగులుతుంది. కాలి పుండుతో వచ్చిన మనిషి మూడు వారాలు డయాలసిస్ మీద గడిపాడు. బతికాడు.

విచారణ కమిటీ వేశారు. డ్యూటీ డాక్టర్‌ను, నన్ను, బ్లడ్ బ్యాంకు టెక్నీషియన్‌ను పిలిచారు. ఆమెను పిలవలేదు. ఆమె పేరు ఆసుపత్రి హాజరు పట్టీలో లేదు, ఎక్కడో ఏజెన్సీ రిజిస్టరులో ఉంటుంది. నాకు మెమో ఇచ్చి, నివేదికలో కారణం అన్న గడిలో ‘సమాచార లోపం’ అని రాశారు. నిజానికి లోపం సమాచారంలో లేదు. సరైన సమాచారం, సరైన సమయంలో, నాకు మూడడుగుల దూరంలో నిలబడి మాట్లాడింది. ఆ సంగతి నేను కమిటీ ముందు చెప్పలేదు. చెబితే నా తప్పు రెట్టింపవుతుందని భయపడ్డాను. మంచాలు మార్చింది ఆమే అని తేలడంతో ఆ నెలాఖరుకు ఏజెన్సీ ఆమెను పనిలోంచి తీసేసింది.

నేను మాల కులంలో పుట్టాను, క్రైస్తవ కుటుంబం. ఆమె రెల్లి. ఆ రాత్రి నాకు ఆమె పేరు తెలియదు, కులం మాత్రం తెలుసు. ఆసుపత్రి మరుగుదొడ్లు కడిగేవారి కులం మా ప్రాంతంలో ఎవరూ ఎవరికీ చెప్పనక్కరలేదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రోగి బంధువులు నా ఇంటిపేరు అడిగి తెలుసుకుని, ఆ తర్వాత నా చేతి మంచినీళ్లు వద్దన్నారు. మందు మోతాదు మీద నేను సందేహం వెలిబుచ్చితే ఒక సర్జన్ ‘కోటా సిస్టర్‌కు అనుమానాలెక్కువ’ అని పదిమందిలో నవ్వాడు. అంటే మాట తోసివేయబడడం ఎలా ఉంటుందో నాకు ఎవరూ నేర్పనక్కరలేదు. అయినా నా కింద ఒక మెట్టు కనిపించగానే అదే పని నేను చేశాను. అంబేడ్కర్ చెప్పిన నిచ్చెనమెట్ల అసమానతను పుస్తకంలో చదివి సభల్లో మాట్లాడిన మనిషినే నేను. ఎస్సీ వర్గీకరణ మీద 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక మా మధ్య ఎన్ని వాదనలు జరిగాయో ఈ పుట చదివేవారికి తెలుసు. ఆ వాదనల్లో కూర్చున్న ప్రతిసారీ నాకు ఆ రాత్రే గుర్తొచ్చింది.

ఈ వృత్తి పుట్టుకలోనే కులం ఉంది. చీము, నెత్తురు, మలమూత్రాలు ముట్టుకునే పని కాబట్టి నర్సింగ్‌ను అగ్రవర్ణాల స్త్రీలు చాలాకాలం దరిచేరనివ్వలేదు. పల్లెల్లో పురుడు పోసిన మంత్రసానులు చాలా చోట్ల మంగలి, మాల, మాదిగ ఇళ్ల స్త్రీలే. 1883లో గుంటూరు వచ్చి అక్కడ స్త్రీల కోసం ఆసుపత్రి నిర్మించిన అన్నా సారా కుగ్లర్ వంటి మిషనరీ వైద్యుల చుట్టూ క్రైస్తవంలోకి వచ్చిన పేద కుటుంబాల ఆడపిల్లలు చేరారు. మా అమ్మమ్మ కూడా అలాంటి ఒక మిషన్ ఆసుపత్రిలో సహాయకురాలుగా చేరి అక్షరాలు నేర్చుకుంది. ఆ తర్వాత చదువు, యూనిఫాం, పీఆర్సీ జీతం వచ్చాక నర్సు ఒక మెట్టు పైకి వచ్చింది. ముట్టుకునే పనిలో మరీ మురికి అనుకున్న భాగం మాత్రం విడిపడి ఆయాకు, స్వీపరుకు మిగిలింది. దాన్ని ఔట్‌సోర్సింగ్ కిందికి నెట్టడంతో ఆ భాగం చేసేవారు ఆసుపత్రి మనుషులుగా కూడా లెక్కకు రాకుండా పోయారు.

ఇప్పుడు నేను చెప్పే పాఠం ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి. 1977 మార్చి 27న స్పెయిన్ ఏలుబడిలోని టెనెరిఫే ద్వీపంలో, పొగమంచులో, రన్‌వే మీద రెండు బోయింగ్ 747 విమానాలు ఢీకొని 583 మంది చనిపోయారు. ఎదుట రన్‌వే మీద మరో విమానం ఇంకా ఉన్నదేమోనని డచ్చి విమానంలోని ఫ్లైట్ ఇంజనీరు అడిగాడు. కెప్టెన్ లేదని తోసిపుచ్చి విమానాన్ని పరుగెత్తించాడు. ఆ కెప్టెన్ తన సంస్థలో శిక్షణ ఇచ్చే పెద్ద పైలట్. కిందివాడి సందేహాన్ని పైవాడు వినేలా చేయడమెలా అన్న ప్రశ్న మీద విమానయాన రంగం పని మొదలుపెట్టింది. 1979లో నాసా సదస్సు తర్వాత అదొక శిక్షణగా రూపుదిద్దుకుంది. 1999లో అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ ఆ దేశపు ఆసుపత్రుల్లో వైద్య తప్పిదాల వల్ల ఏటా 44 వేల నుంచి 98 వేల మంది చనిపోతున్నారని అంచనా కట్టాక, ఆ శిక్షణ ఆసుపత్రుల్లోకి ప్రవేశించింది. 2006లో టీమ్‌స్టెప్స్ అన్న పేరుతో అమెరికా ప్రభుత్వం పూర్తి పాఠ్యక్రమాన్నే విడుదల చేసింది.

నేను తరగతిలో తప్పకుండా చెప్పే కథ మరొకటి ఉంది. 2005లో ఇంగ్లండులో ఎలేన్ బ్రోమిలీ అనే యువతి సైనస్‌కు చిన్న ఆపరేషన్ కోసం వెళ్లింది. మత్తు ఇచ్చాక ఊపిరి గొట్టం వెయ్యలేకపోయారు. అనుభవజ్ఞులైన డాక్టర్లు గొట్టం కోసమే ప్రయత్నిస్తూ కాలం మరిచిపోయారు. గొంతు దగ్గర కోసి గాలికి దారి చేసే పరికరాలను ఒక నర్సు తెచ్చి, ఇవిగో ఉన్నాయని చెప్పింది. మరో నర్సు ఐసీయూలో మంచం సిద్ధం చేయించి వచ్చి, డాక్టర్ల చూపులు చూసి, తనదే తొందరపాటేమో అనుకుని దాన్ని రద్దు చేసింది. ఏం చేయాలో ఆ గదిలోని నర్సులకు తెలుసు. ఎలా చెప్పాలో తెలియలేదు. ఎలేన్ 13 రోజుల తర్వాత చనిపోయింది. ఆమె భర్త విమాన పైలట్ కావడం వల్ల, ఇది టెనెరిఫే కథేనని వెంటనే గుర్తుపట్టాడు. వైద్యరంగం ఈ పాఠం నేర్చుకోవాలని అప్పటినుంచి పనిచేస్తున్నాడు.

ఈ కథ చెప్పినప్పుడల్లా మా నర్సుల కళ్లు చెమరుస్తాయి. నా కళ్లు కూడా. ఆ నర్సులలో మమ్మల్ని మేము చూసుకుంటాం. ఆ కథలోని డాక్టరులో నన్ను నేను చూసుకోవడానికి మాత్రం చాలా ఏళ్లు పట్టింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన సర్జికల్ చెక్‌లిస్టులో 19 అంశాలున్నాయి. కోత పెట్టే ముందు అందరూ ఆగి, ప్రతి ఒక్కరూ తమ పేరు, చేసే పని చెప్పుకోవాలన్నది అందులో ఒకటి. న్యూఢిల్లీతో సహా ఎనిమిది నగరాల ఆసుపత్రుల్లో దీన్ని పరీక్షించి 2009లో ఫలితాలు ప్రచురించారు. మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి, శస్త్రచికిత్స అనంతర సమస్యలు 11 శాతం నుంచి 7 శాతానికి తగ్గాయి. 2014లో కెనడాలోని అంటారియోలో 101 ఆసుపత్రుల లెక్కలు చూస్తే, చెక్‌లిస్టు తప్పనిసరి చేశాక చెప్పుకోదగిన తగ్గుదల కనిపించలేదు. దీని మీద పండితుల వాదనలు చాలా ఉన్నాయి. నా మటుకు నాకు కనిపించింది ఇది: కాగితం మీద టిక్కు పెట్టడం వేరు, గదిలో మాట వినిపించడం వేరు. మన థియేటర్లలో ఆ టిక్కు చాలాసార్లు ఆపరేషన్ అయ్యాక నర్సు ఒక్కతే కూర్చుని పెడుతుంది.

పేరు చెప్పుకోవడమన్న చిన్న నియమమే ఇక్కడికి వచ్చేసరికి ఏమవుతుందో చూడండి. మన దగ్గర పేరు అడిగితే ఇంటిపేరు అడుగుతారు, ఇంటిపేరు దగ్గర ఆగరు. మరోవైపు, అరవైకి దగ్గరపడిన మనిషిని ‘బాయ్’ అంటాం, ఆయనకు పేరే అక్కరలేదు. ఇంగ్లీషులో ‘యూ’ ఒక్కటే. తెలుగులో నోరు తెరవకముందే నువ్వా, మీరా, తమరా తేల్చుకోవాలి. సర్జన్ నర్సును నువ్వంటాడు. నర్సు తల్లి వయసున్న స్వీపరును ‘ఏమే’ అంటుంది. ఆ స్వీపరు నిన్నగాక మొన్న వచ్చిన హౌస్ సర్జన్‌ను ‘బాబుగారూ’ అంటుంది. అమెరికా పాఠంలో మూడు మెట్ల హెచ్చరిక ఒకటుంది. మొదట నాకు ఆందోళనగా ఉందనాలి, తర్వాత ఇది నాకు సరిగా తోచడం లేదనాలి, చివరికి ఇది భద్రతకు సంబంధించింది, ఆగండి అనాలి. కింది నుంచి పైకి పోయే తెలుగు మాటలో ఈ మూడూ కలిసి ఒక విన్నపంగా మారిపోతాయి. ‘ఈయన కాదండి’ అని ఆమె మెల్లగా అన్నదంటే ఆమెకు నిశ్చయం లేక కాదు. నాతో అంతకంటే గట్టిగా మాట్లాడే వ్యాకరణం ఆమెకు ఈ సమాజం ఇవ్వలేదు.

కింది అంతస్తుల గురించే కాదు ఈ మాట. రిజర్వేషన్ ద్వారా వచ్చిన పీజీ డాక్టర్‌ను ‘కోటా’ అని పిలిచే చోట, ఆ డాక్టర్ అర్ధరాత్రి కష్టమైన కేసు వస్తే పైవారికి ఫోన్ చేయడానికి వెనుకాడతాడు. సాయం అడగడం ప్రతి శిక్షణ డాక్టరు విధి. కానీ అడిగిన క్షణంలో తన మీద వేసిన ముద్ర నిజమైపోతుందన్న భయం వారిలో కొందరికే ఉంటుంది. ఆ సంకోచం గంటసేపు సాగితే నష్టపోయేది రోగి, ఆ రోగి కులం ఏదైనా. ఎయిమ్స్‌లో దళిత, ఆదివాసీ విద్యార్థులు ఎదుర్కొంటున్న వివక్షను థోరట్ కమిటీ 2007లోనే నమోదు చేసింది. 2019లో ముంబైలో డాక్టర్ పాయల్ తాడ్వి మరణం, 2023లో మన వరంగల్‌లో ఒక గిరిజన పీజీ విద్యార్థిని మరణం ఈ చర్చను మళ్లీ తెచ్చాయి. వాటిని విద్యార్థుల వేదనగా, న్యాయస్థానాల విషయంగా చూశాం. అదే గాలి పీల్చే వార్డుల్లో రోగుల భద్రత ఏమవుతుందని ఎవరూ అడగలేదు.

ఒక సీనియర్ ప్రొఫెసర్ నాతో వాదించారు. బ్రిటన్‌లో కులం లేదు కదమ్మా, అక్కడి నర్సులూ నోరు మెదపలేదు కదా, ఇది హోదా సమస్య, ప్రతిదానికీ కులం అంటగట్టకండి అన్నారు. ఆయన మంచి మనిషి, వాదనలోనూ కొంత నిజముంది. హోదా ఎక్కడైనా నోరు నొక్కుతుంది. కానీ అక్కడి హోదా డ్యూటీ ముగిశాక చాలావరకు గేటు దగ్గర ఆగిపోతుంది. మన హోదా మనిషి వెంట ఇంటికి వస్తుంది, ఆమె పేట దాకా వస్తుంది, మరుసటి రోజు ఆమె కూతురితో పాటు మళ్లీ అదే చీపురు పట్టుకుని ఆసుపత్రికి వస్తుంది. శ్రమను కాదు, శ్రామికులనే విడగొట్టే వ్యవస్థ ఇదని 1936లోనే అంబేడ్కర్ చూపించారు. ఎవరి పని వారు చూసుకోమన్నదే దాని ఆజ్ఞ. జట్టు అంటే ఒకరి పనిలో మరొకరు కన్నేసి ఉంచడం. ఈ రెండూ ఒక వార్డులో కలిసి బతకలేవు.

రెండేళ్ల కిందట, ఇప్పుడు పనిచేస్తున్న మరో ఆసుపత్రిలో, పారిశుధ్య కార్మికులకు, ఆయాలకు, స్ట్రెచర్ తోసేవారికి ఈ శిక్షణ మొదలుపెట్టాను. ఆ రెండు గంటలను పని కింద రాయనని ఏజెన్సీ సూపర్‌వైజరు మొండికేశాడు. సూపరింటెండెంటు సంతకం చేశాక ఒప్పుకున్నాడు. మొదటిరోజు పదిహేడుమంది వచ్చి, కుర్చీలున్నా గోడవారగా నిలబడ్డారు. కూర్చోమంటే నేల మీద కూర్చున్నారు. నేను పాఠం పక్కనపెట్టి, వార్డులో మీకు భయం కలిగించేవి ఏమిటని అడిగాను. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఆగలేదు. రాత్రుళ్లు ఆక్సిజన్ మీటరును రోగుల బంధువులే తిప్పేస్తున్నారని ఒకరు చెప్పారు. ఏ వార్డులో చేతులు కడుక్కునే కుళాయిలో నీళ్లు రావో, కాబట్టి ఏ డాక్టర్లు చేతులు కడుక్కోకుండానే మంచం నుంచి మంచానికి పోతారో మరొకరు లెక్కగా చెప్పారు. పసుపు సంచుల్లో సూదులు పడేస్తున్నారని, గుచ్చుకుంటే చెప్పుకునే చోటు లేదని అందరూ చెప్పారు. మరుగుదొడ్డిలో నల్లటి విరేచనం చూసి, అది ఎవరిదో తెలిసీ, ఎవరికి చెప్పాలో తెలియక కడిగేశానని ఒకామె అన్నది. లోపల రక్తస్రావానికి అది గుర్తు కావచ్చని ఏ నర్సింగ్ విద్యార్థికైనా తెలుసు. ఆమెకు చదువు లేకుండానే తెలుసు.

బయో మెడికల్ వ్యర్థాల నిబంధనలు 2016 నుంచి అమలులో ఉన్నాయి. వాటి ప్రకారం వ్యర్థాలు ముట్టుకునే ప్రతి ఒక్కరికీ చేరినప్పుడూ, ఆ తర్వాత ఏటా కనీసం ఒకసారీ శిక్షణ ఇవ్వాలి, హెపటైటిస్ బి టీకా వేయాలి. ఆ పదిహేడుమందిలో టీకా పూర్తి డోసులు వేయించుకున్నవారు నలుగురు. శిక్షణ రిజిస్టరులో మాత్రం అందరి వేలిముద్రలూ ఉన్నాయి.

ఎవరైనా ‘ఆగండి’ అంటే ఆ మాట ఎవరిదో చూడకుండా చేతిలో పని ఆపాలన్న ఒక్క నియమం పెట్టుకుందామని డాక్టర్లకు, నర్సులకు, వీరికి కలిపి ప్రతిపాదించాను. రెండు వార్డుల్లో అది కొంత నడుస్తోంది, మిగిలినచోట్ల లేదు. డ్యూటీ బోర్డు మీద కార్మికుల పేర్లు కూడా రాయిస్తున్నాం. ఒక అసోసియేట్ ప్రొఫెసర్ దాన్ని చూసి, మేడమ్ రాజకీయాలు మొదలుపెట్టారన్నారు. దానికి నేను నొచ్చుకోలేదు. నన్ను నిలువునా ఆపింది ఆ మొదటిరోజు చివర్లో ఒకామె అడిగిన ప్రశ్న: ‘చెప్పినాక మా పని ఉంటుందా అమ్మా?’ ఏడాది కాంట్రాక్టు, ఏజెన్సీ మారితే కొత్త జాబితా. నా శిక్షణలో దానికి జవాబు లేదు. హెచ్చరిక చేసిన కార్మికురాలిని తొలగించరాదని కాంట్రాక్టు ఒప్పందంలోనే ఒక షరతు చేర్చాలని, ఏ విచారణ కమిటీ అయినా ఆ షిఫ్టులో ఉన్న ఔట్‌సోర్సింగ్ సిబ్బంది వాంగ్మూలం తప్పక తీసుకోవాలని రాసి పైకి పంపాను. దేశానికి 2018లోనే రోగి భద్రతా కార్యాచరణ పత్రం ఒకటి వచ్చింది. అది నిజంగా వార్డు దాకా రావాలంటే ఈ రెండు వాక్యాలు లేకుండా కుదరదని నా అభిప్రాయం.

మొన్న వేసవిలో ఆమెను వెతుక్కుంటూ వెళ్లాను. అదే ఊళ్లో ఒక ప్రైవేటు నర్సింగ్ హోంలో, మరో ఏజెన్సీ కింద, అదే పని చేస్తోంది. గుర్తుపట్టి లోపలికి రమ్మన్నది. ఆ రాత్రి మీ మాట నేను వినలేదక్కా, కమిటీ ముందు చెప్పనూ లేదు అని అన్నాను. ఆమె కాసేపు నావైపు చూసి, ‘నేనే కొంచెం గట్టిగా చెప్పవలసింది సిస్టరమ్మా’ అన్నది. పదహారేళ్లుగా ఆమె కూడా ఆ తప్పు తనదే అనుకుంటోంది. ఇవన్నీ పత్రికకు రాస్తాను, మీ పేరు పెట్టమంటారా అని అడిగితే వద్దన్నది. ఇప్పటి ఏజెన్సీవారు చదువుతారని భయం.

తిరిగి వచ్చాక, ఆమె ఆ రాత్రి చెప్పిన మాటను, నేనిచ్చిన జవాబును నాటి విచారణ నివేదికకు జతచేయాలని పాత ఆసుపత్రికి అర్జీ పెట్టుకున్నాను. ముగిసిన ఫైలు తెరవడానికి వీల్లేదని అక్కడి సెక్షన్ గుమాస్తా ఫోన్‌లో చెప్పాడు. అదే మాట రాసి ఇమ్మన్నాను, ఇవ్వలేదు. అర్జీని మళ్లీ రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. రసీదు నా దగ్గర ఉంది.